నీటి చుక్కలో కదిలేదాన్ని ఏ గుంపులో వెయ్యాలి?

చెరువు నీళ్లు ఒక చుక్క స్లైడు మీద వేసి సూక్ష్మదర్శిని 10 రెట్ల ఆబ్జెక్టివ్‌తో (స్లైడుకు దగ్గరగా ఉండే కటకంతో) చూస్తే, ఇంచుమించు ఒకే పొడవున్న రెండు జీవులు పక్కపక్కనే ఈదుతూ కనబడవచ్చు. రెండూ పావు మిల్లీమీటరు ఉంటాయి. రెండింటికీ శైలికలున్నాయి, అంటే అలలుగా కొట్టుకునే సన్నని వెంట్రుకల్లాంటివి. రెండూ ఆ శైలికలతోనే బాక్టీరియాను నోట్లోకి తోసుకుంటున్నాయి. వాటిలో ఒకటి పారమీసియం, మొత్తం కలిపి ఒకే కణం. రెండోది రోటిఫర్. దానికి మెదడు, కండరాలు, జీర్ణనాళం, అండాశయం అన్నీ ఉన్నాయి. అది నిఖార్సైన జంతువు. సైజు చూసో కదిలే తీరు చూసో గుంపు కట్టేసేవాళ్లు ఇక్కడే పొరబడతారు.

అకశేరుకాల (వెన్నెముక లేని జీవుల) వర్గీకరణ మొదలుపెట్టేవాళ్లందరికీ నేను చెప్పేది ఒకటే: కదలిక ఒక ఆధారం మాత్రమే, చుట్టరికాన్ని తేల్చేది శరీర నిర్మాణం. ఆ నిర్మాణం కనబడాలంటే ముందు జీవి దొరకాలి, తరవాత కుదురుగా నిలవాలి. అందుకని ఇక్కడ వర్గీకరణతోపాటు కల్చర్ పని (జీవులను సీసాలో పెంచడం), స్లైడు పని కూడా వివరంగా రాస్తున్నాను.

గడ్డి కషాయం

లీటరు నీళ్లకు 10 గ్రాముల ఎండుగడ్డి చాలు. గడ్డిని చిన్న ముక్కలుగా కత్తిరించి 10–15 నిమిషాలు మరిగించి, వడగట్టి, వెడల్పు మూతి ఉన్న గాజుసీసాలో పోయండి. గాలి ఆడేలా పల్చటి గుడ్డ కప్పి ఒకటి రెండు రోజులు వదిలేయండి. ఈలోపు బాక్టీరియా పెరిగి నీళ్లు మసకబారతాయి, పైన మీగడలా సన్నని పొర కడుతుంది. అప్పుడు చెరువు అడుగునుంచి, నాచు పక్కనుంచి తీసిన నీళ్లు 50 మి.లీ. దాకా కలపండి. కుళాయి నీళ్లు వాడితే అందులోని క్లోరిన్ పోవడానికి ఒక రోజు మూత లేకుండా ఉంచాలి. క్లోరిన్ బదులు క్లోరమైన్ అనే మందు కలిపే చోట ఈ చిట్కా పనికిరాదు, అది అలా ఎగిరిపోదు. అలాంటప్పుడు చెరువు నీళ్లనే మరిగించి చల్లార్చి వాడుకోవడం మేలు.

చాలామంది ఎండుగడ్డిని మామూలు నీళ్లలో నానబెట్టి పారమీసియం కోసం ఎదురుచూస్తారు. రాదు. కోల్పోడా లాంటి సీలియేట్లు (శైలికలున్న ఏకకణజీవులు) గడ్డి మీద గట్టి తొడుగు చుట్టుకుని కోశాలుగా మారి నెలల తరబడి ఎండినా బతికి ఉంటాయి, నీళ్లు తగలగానే బయటికొస్తాయి. పారమీసియంకు అలాంటి కోశదశ ఉన్నట్టు నమ్మదగిన ఆధారం లేదు. అందుకే దాన్ని బయటి నీళ్లతో తెచ్చి కలపాల్సిందే. అదే కోల్పోడా కావాలంటే మాత్రం గడ్డిని మరిగించకూడదు, కోశాలు చచ్చిపోతాయి.

కషాయంలో జీవులన్నీ ఒకేసారి రావు. దేని తరవాత ఏది పెచ్చుపెరుగుతుందో జంతుశాస్త్రవేత్త లొరాండ్ వుడ్రఫ్ 1912లోనే నమోదు చేశాడు: ముందు చిన్న కశాభజీవులు (కొరడాలాంటి కశాభంతో ఈదేవి), ఆ తరవాత కోల్పోడా, ఆపైన హైపోట్రిక్‌లు (పొట్టవైపు శైలికల కుచ్చులతో నడిచే సీలియేట్లు), పారమీసియం, వోర్టిసెల్లా (కాడ మీద గంటలా ఉండే సీలియేటు), చివర్లో అమీబా. సీసా సీసాకూ కొంచెం తేడా ఉంటుంది కానీ వరస దాదాపు ఇదే. కాబట్టి మూడో రోజు చూసి ఏమీ లేదని పారబోయకండి. పారమీసియం జోరుగా పెరగడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది.

కల్చర్ పాడవడానికి మొదటి కారణం గడ్డి ఎక్కువ కావడం. బాక్టీరియా మరీ విజృంభించి ఆక్సిజన్ అంతా తాగేస్తుంది, నీళ్లు నల్లబడి కుళ్లిన గుడ్డు వాసన వేస్తాయి. అలాంటి సీసాలో దొరికేది బాక్టీరియా, ఆక్సిజన్ అక్కర్లేని కొద్దిపాటి సీలియేట్లు. రెండో కారణం ఎండ. కిటికీ దగ్గర నేరుగా ఎండ పడితే చిన్న సీసా గంటలో వేడెక్కిపోతుంది. 20–25 డిగ్రీల నీడ సరిపోతుంది. పారమీసియం నిలబడ్డాక 100 మి.లీ.కు నాలుగైదు ఉడికించిన గోధుమ గింజలు వేస్తే బాక్టీరియాకు నిదానంగా తిండి అందుతుంది. మూడు నాలుగు వారాలకోసారి కొత్త కషాయంలోకి కొంచెం వంపుకోవాలి.

చుక్క ఎక్కడినుంచి తియ్యాలన్నది కూడా ముఖ్యం. సీసా మధ్యలో తీస్తే ఖాళీ నీళ్లే వస్తాయి. పొర కిందినుంచి, గోడను ఆనుకుని తియ్యండి. పారమీసియం మాత్రమే కావాలంటే సన్నని మెడ ఉన్న ఫ్లాస్కులో మెడ దాకా కల్చర్ పోసి కదపకుండా ఉంచండి. అవి పైకి ఈదే స్వభావం ఉన్నవి కాబట్టి కాసేపటికి మెడలో గుంపుగా చేరతాయి. అమీబా కోసమైతే అడుగున పేరుకున్న మడ్డి తియ్యాలి.

స్లైడు మీద

22 మి.మీ. చదరపు కవర్‌స్లిప్ కింద 0.05 మి.లీ. చుక్క వేస్తే నీటి మందం సుమారు 100 మైక్రాన్లు వస్తుంది. పారమీసియం అందులో హాయిగా తిరుగుతుంది. స్టెంటార్ (పెద్ద ఏకకణజీవి), హైడ్రా (నోటి చుట్టూ వేళ్లలాంటి స్పర్శకాలున్న చిన్న జంతువు), పెద్ద రోటిఫర్ అందులో నలిగిపోతాయి. వాటికి కవర్‌స్లిప్ నాలుగు మూలలా చిటికెడు వాజలిన్ ముద్దలు పెట్టి, ఎత్తు చూసుకుంటూ మెల్లగా నొక్కాలి. కవర్‌స్లిప్‌ను పైనుంచి వదిలేయకుండా ఒక అంచు ఆనించి వాల్చితే గాలి బుడగలు రావు. అయినా వస్తే గుర్తుపట్టడం తేలికే: చుట్టూ మందమైన నల్ల అంచు, అచ్చం గుండ్రం, లోపల ఏమీ ఉండదు.

ఏమీ కనబడట్లేదని చెప్పేవాళ్లలో ఎక్కువమంది విషయంలో తప్పు వెలుతురుదే. ఈ జీవులు దాదాపు రంగు లేని పారదర్శక పదార్థం. స్లైడు కింద వెలుతురును తగ్గించే డయాఫ్రమ్ పూర్తిగా తెరిస్తే తెల్లటి వెలుగులో కలిసిపోతాయి. 10 రెట్ల దగ్గర డయాఫ్రమ్‌ను బాగా మూసి, అవసరమైతే కండెన్సర్‌ను (వెలుతురును స్లైడు మీదికి చేర్చే కటకాన్ని) కాస్త దించండి. శైలికల అంచు, సంకోచరిక్తిక (నీళ్లు తోడే సంచి), పెల్లికిల్ (కణం పైపొర) గీతలు అప్పుడు తేలతాయి.

కొలత లేకుండా గుర్తింపు లేదు. ఐపీస్ (కంటి దగ్గరి కటకం) మీద 18 అన్న సంఖ్య ఉంటే దాన్ని ఆబ్జెక్టివ్ రెట్లతో భాగించండి. 4 రెట్ల దగ్గర కనబడే వలయం 4.5 మి.మీ., 10 దగ్గర 1.8 మి.మీ., 40 దగ్గర 0.45 మి.మీ. అంటే 40 రెట్ల దగ్గర వలయంలో సగానికి పైగా ఆక్రమించినది 250 మైక్రాన్లు ఉన్నట్టు. ఈ లెక్క స్లైడు చూస్తున్నప్పుడే రాసుకోవాలి. ఇంటికెళ్లాక బొమ్మ చూసి సైజు ఊహించడం కుదరదు.

వేగంగా పరిగెత్తేవాటిని ఆపడానికి 3 శాతం మిథైల్ సెల్యులోజ్ మంచి సాధనం. దాన్ని చన్నీళ్లలో వేస్తే ఉండలు కడుతుంది, ఎంత కలిపినా విడిపోదు. 3 గ్రాముల పొడిని 80 డిగ్రీల వేడి నీళ్లు 50 మి.లీ.లో చల్లి కలిపి, ఆపైన ఐస్ చల్లదనం ఉన్న నీళ్లు మరో 50 మి.లీ. పోసి ఫ్రిజ్‌లో ఒక రాత్రి ఉంచండి. ఈ పదార్థం వేడిలో విడివిడిగా ఉండి చల్లబడ్డాకే కరుగుతుంది. వాడేటప్పుడు స్లైడు మీద దీంతో చిన్న వలయం గీసి మధ్యలో కల్చర్ చుక్క వేస్తే అంచుల దగ్గర జీవులు నెమ్మదిస్తాయి. ఈ ద్రావణం లేకపోతే దూదిపోగులు నాలుగు విడదీసి చుక్కలో వేయండి, ఆ గళ్లలో చిక్కుకుంటాయి. కవర్‌స్లిప్ అంచున బ్లాటింగ్ కాగితం ఆనించి నీళ్లు కొంచెం లాగడం మూడో దారి. ఇందులో నాలుగైదు నిమిషాలు అద్భుతంగా కనబడుతుంది, ఆ తరవాత నీళ్లు మరీ పల్చబడి కణం బల్లపరుపుగా నొక్కుకుని, అంచులు ఉబ్బి చిట్లిపోతుంది. చిట్లేముందు వచ్చే ఆ బుడిపెలను జీవి అవయవాలుగా బొమ్మ గీసేయడం విద్యార్థుల రికార్డుల్లో తరచూ కనబడే పొరపాటు.

ఒక కణమా, వెయ్యి కేంద్రకాలా

పారమీసియం కాడేటమ్ 200–300 మైక్రాన్లుంటుంది. శరీరమంతా శైలికలు. తన ఇరుసు చుట్టూ తిరుగుతూ ఈదుతుంది. అడ్డం తగిలితే వెనక్కి పోయి, కొంచెం పక్కకు తిరిగి, మళ్లీ ముందుకొస్తుంది. నెమ్మదించాక రెండు కొసల దగ్గరా చెరొక సంకోచరిక్తిక కోసం చూడండి. చుట్టూ కాలువలు విచ్చుకుని నక్షత్రంలా కనబడి, అవి మధ్యలోకి నీళ్లు పోసి, గుండ్రంగా నిండి, టక్కున మాయమవుతుంది. రెండూ సాధారణంగా ఒకదాని తరవాత ఒకటి పనిచేస్తాయి. మంచినీళ్లు కణంలోకి ఎప్పుడూ చొరబడుతుంటాయి కాబట్టి వాటిని బయటికి తోడక తప్పదు. స్లైడు అంచున చిటికెడు ఉప్పు కలిసిన నీళ్లు చేరిస్తే ఈ తోడడం నెమ్మదిస్తుంది. పనికి కారణం అక్కడ కళ్ల ముందే తేలిపోతుంది.

స్థూలకేంద్రకం, అంటే సీలియేట్లకుండే రెండు రకాల కేంద్రకాల్లో పెద్దది, చూడాలంటే 1 శాతం ఎసిటిక్ ఆమ్లంలో 1 శాతం మిథైల్ గ్రీన్ కలిపిన రంగు అంచునుంచి ఎక్కించండి. జీవి చచ్చిపోతుంది కానీ చిక్కుడు గింజ ఆకారంలో కేంద్రకం పచ్చగా తేలుతుంది. దాని నొక్కులో ఒక్క సూక్ష్మకేంద్రకం ఉంటే కాడేటమ్, రెండుంటే ఆరీలియా గుంపు. జీర్ణక్రియ చూడటానికి ఇంతకన్నా మంచి ప్రయోగం ఉంది: 3 గ్రాముల ఈస్టు, 30 మి.గ్రా. కాంగో రెడ్, 10 మి.లీ. నీళ్లు కలిపి 10 నిమిషాలు సన్నమంట మీద మరిగించి, చల్లారాక పుల్లతో కొంచెమే కల్చర్ చుక్కలో కలపండి. పారమీసియం ఆ ఎర్రటి ఈస్టును మింగుతుంది. ఆహారరిక్తికలు (తిండి నిండిన సంచులు) కణంలో తిరుగుతూ ఆమ్లగుణం పెరిగేకొద్దీ ఎరుపునుంచి ఊదాకు, నీలానికి మారతాయి, తరవాత మళ్లీ ఎరుపెక్కుతాయి. కాంగో రెడ్ బెంజిడిన్ జాతి రంగు. చేతికి గ్లౌజులు లేకుండా ముట్టుకోవద్దు.

ఇప్పుడు రోటిఫర్. దాని ముందుభాగంలో కొరోనా అనే శైలికల కిరీటం ఉంటుంది. శైలికలు అలలుగా కొట్టుకోవడం వల్ల రెండు చక్రాలు తిరుగుతున్నట్టు కంటికి అనిపిస్తుంది, నిజానికి ఏదీ తిరగదు. అసలు గుర్తు దాని వెనక, గొంతులో ఉంది. మాస్టాక్స్ అనే కండర సంచిలో ట్రోఫై అనే గట్టి దవడలు ఆగకుండా కొట్టుకుంటుంటాయి. చాలామంది దాన్ని గుండె అనుకుంటారు. రోటిఫర్‌కు గుండె లేదు. నమిలే దవడ కనబడిందంటే ఇక అది ఏకకణజీవి కాదు. వెనకవైపు వేళ్లున్న పాదం, ముడుచుకునే తోక, కడుపులో గుడ్డు ఉంటే మరింత నిశ్చయం. రోటిఫర్‌కు ఉండే కేంద్రకాలు సుమారు 1000, జాతిని బట్టి దాదాపు స్థిరంగా ఉంటాయి. చాలా కణజాలాల్లో కణాల మధ్య గోడలు ఉండవు, అందుకే కణాలని కాకుండా కేంద్రకాలని లెక్కపెట్టడం.

ఈ వెయ్యి కేంద్రకాల జంతువు సాధారణంగా 100–500 మైక్రాన్లే. ఒకే కణమైన స్టెంటార్ సాగినప్పుడు 1–2 మి.మీ. ఉంటుంది. స్పైరోస్టోమమ్ ఇంకా పొడవు. చిన్నవన్నీ ప్రోటిస్టులు (ఏకకణజీవులు), పెద్దవన్నీ జంతువులు అన్న లెక్క ఒక్క స్లైడులోనే కూలిపోతుంది. స్టెంటార్ కొమ్ముబూర ఆకారంలో ఉంటుంది, తాకితే బంతిలా ముడుచుకుంటుంది, పూసల దండ లాంటి స్థూలకేంద్రకం ఉంటుంది. సీరూలియస్ జాతి అయితే నీలిపచ్చగా మెరుస్తుంది. బూర అంచున ఉన్న శైలికల వలయాన్ని రోటిఫర్ కిరీటంగా పొరబడే అవకాశముంది. అలాంటప్పుడు దవడ కోసం వెతకండి.

మధ్యలో ఇంకొకటి ఇరకాటంలో పెడుతుంది: గాస్ట్రోట్రిక్. 100–300 మైక్రాన్లు, వెనక చీలిన తోక, వీపు మీద పొలుసులో ముళ్లో, పొట్టవైపు మాత్రమే శైలికలు. అడుగు మీద జారుతుంది. దవడ ఉండదు కానీ నిలువునా గొట్టం లాంటి గొంతు, దాని వెనక పేగు స్పష్టంగా తెలుస్తాయి. ఇదీ జంతువే.

పచ్చగా ఉన్నవి

యూగ్లీనాను, క్లామిడోమోనాస్‌ను ఒకే గుంపుగా చూడటం పాత అలవాటు: రెండూ పచ్చన, రెండింటికీ కశాభాలు, ఎర్రటి కంటిచుక్క. స్లైడు అంచున లుగాల్ అయోడిన్ ఒక చుక్క వేస్తే తేడా బయటపడుతుంది. క్లామిడోమోనాస్, వోల్వాక్స్ పిండిపదార్థం దాస్తాయి, నీలి నలుపుకు తిరుగుతాయి. యూగ్లీనా దాచేది పారామైలాన్ అనే మరో నిల్వ పదార్థం, అది అయోడిన్‌కు నీలంగా మారదు. గింజలు రంగు లేకుండా మెరుస్తూ ఉండిపోతాయి. పైగా యూగ్లీనాకు గట్టి కణకవచం లేదు, సాగే పెల్లికిల్ పట్టీలున్నాయి, అందుకే ఆగిన చోట మెలికలు తిరిగి ఉబ్బి కుంచించుకుంటుంది. పుట్టుపూర్వోత్తరాలు చూస్తే యూగ్లీనా దగ్గరి చుట్టం నిద్రజబ్బు కలిగించే ట్రిపనోసోమా. దాని పచ్చదనం ఒకప్పుడు మింగిన హరిత శైవలం (పచ్చటి నాచు) నుంచి వచ్చింది, అందుకే దాని హరితరేణువు చుట్టూ మూడు పొరలుంటాయి. శైవలాల గుంపులో ఉన్న క్లామిడోమోనాస్‌కు రెండే. అయోడిన్ వేశాక అన్నీ చచ్చిపోతాయి కాబట్టి కదలికలన్నీ ముందే చూసుకోండి.

అమీబా అన్నది ఒక ఆకారం

1845లో జంతుశాస్త్రవేత్త ఫాన్ సీబోల్డ్ ప్రోటోజోవా అంటే ఏకకణ జంతువులేనని గీత గీశాడు. 1866లో హెకెల్ ప్రోటిస్టా అనే మూడో రాజ్యం పెట్టాడు. 1969లో విట్టేకర్ అయిదు రాజ్యాల పథకంలో దాన్ని నిలబెట్టాడు. వీటి కిందే చాలాకాలం నడిచింది కదలిక అవయవాల లెక్క: మిథ్యాపాదాలుంటే (పాకడానికి కణం చాచే తాత్కాలిక పాదాలు) ఒక విభాగం, కశాభాలుంటే ఒకటి, శైలికలుంటే ఒకటి, ఏదీ లేని పరాన్నజీవులు ఒకటి. 1980లో లెవీన్, ఆయన సహచరులు దీన్ని ఏడు వర్గాలుగా విడగొట్టినా, కశాభాలు, మిథ్యాపాదాలు ఉన్నవి మాత్రం సార్కోమాస్టిగోఫోరా అనే ఒకే వర్గంలో కలిసే ఉన్నాయి.

ఈ లెక్కలో నిలబడింది శైలికల గుంపు ఒక్కటే. సీలియేట్లు నిజంగానే ఒకే పూర్వీకుడి సంతానం, రెండు రకాల కేంద్రకాలు ఉండటం వాటి ముద్ర. మిగతావి చెదిరిపోయాయి. మిథ్యాపాదం పరిణామంలో ఎన్నోసార్లు విడివిడిగా పుట్టింది. అమీబా ప్రోటియస్ అమీబోజోవా అనే గుంపులో ఉంది. ఫొరామినిఫెరా అనే గుల్లజీవులు వేళ్లూనిన దారాల్లా సన్నని మిథ్యాపాదాలతో రైజేరియా అనే మరో గుంపులో ఉన్నాయి. నీగ్లేరియా అమీబాలా పాకి, నీళ్లలో లవణాలు పల్చబడితే కశాభాలు మొలిపించుకుంటుంది. అది యూగ్లీనాకు దగ్గర. నీగ్లేరియా ఫౌలెరి వెచ్చని మంచినీళ్లలో ఉంటుంది, ముక్కులోకి పోతే మెదడుకు ప్రాణాంతకం. నమూనా తీసేటప్పుడు నీళ్లు మొహానికి చిమ్మకుండా చూసుకోండి, పైపెట్‌ను నోటితో ఎప్పుడూ పీల్చకండి, పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి.

ఇప్పటి పథకం ప్రకారం పారమీసియం, మలేరియా కలిగించే ప్లాస్మోడియం, డైనోఫ్లాజెల్లేట్లు మూడూ ఆల్వియోలేటా అనే ఒకే గుంపు. పైపొర కింద చదునైన సంచులు మూడింటికీ ఉన్నాయి. అమీబా ప్రోటియస్ మాత్రం పారమీసియంకన్నా జంతువులకు, శిలీంధ్రాలకు దగ్గర. మొదటిసారి విన్నవాళ్లకు ఇది మింగుడుపడదు. పాఠ్యపుస్తకంలో ఇద్దరూ ఒకే పేజీలో పక్కపక్కన ఉంటారు కదా.

అందుకే అమీబా కనబడితే నేరుగా గుంపు పేరు రాయకుండా మిథ్యాపాదం ఆకారం రాయండి. మొద్దుగా వేళ్లలా ఉన్నాయా, సన్నని సూదుల్లా నిటారుగా నిలిచాయా, ఒకదానితో ఒకటి కలిసి వలలా అల్లుకున్నాయా? గుల్ల ఉందా? ఉంటే అది అర్సెల్లాలా గోధుమరంగు గొడుగా, డిఫ్లూజియాలా ఇసుక రేణువులు అతికించుకున్న కుండా? అమీబా మడ్డిలో ఉంటుంది, స్లైడు వేశాక కలతపడి గుండ్రంగా ముడుచుకుంటుంది. అయిదు పది నిమిషాలు కదపకుండా వదిలితేనే మళ్లీ పాదాలు చాస్తుంది. తొందరపడేవాళ్లకు అమీబా కనబడదు.

స్పంజికలు, హైడ్రా

జంతురాజ్యానికి అతి దగ్గరి ఏకకణ చుట్టాలు కాలర్ కశాభజీవులు, అంటే కొయానోఫ్లాజెల్లేట్లు. ఒక కశాభం, దాని మొదట్లో సన్నని పోగుల గుండ్రటి కాలర్. స్పంజికల లోపలి గదుల్లో నీళ్లను తోసే కాలర్ కణాలు సరిగ్గా ఈ ఆకారంలోనే ఉంటాయని 1860ల్లో హెన్రీ జేమ్స్‌క్లార్క్ గమనించాడు. అణు ఆధారాలు ఆ చుట్టరికాన్ని బలపరిచాయి.

స్పంజికల్లో ఏ విభాగమో చెప్పేవి కంటకాలు, అంటే శరీరాన్ని నిలబెట్టే సూదుల్లాంటి ముక్కలు. చిన్న ముక్కను గాజు గొట్టంలో వేసి బ్లీచ్ పోసి అరగంట ఉంచితే కణాలు, స్పాంజిన్ పోగులు కరిగిపోతాయి, కంటకాలు అడుగున తెల్లగా దిగుతాయి. పైనీళ్లు వంపి, శుభ్రమైన నీళ్లతో నాలుగైదుసార్లు కడిగి స్లైడు మీద వేయండి. ఏమీ మిగలకపోతే అది స్నానపు స్పంజిక లాంటిది, పోగులే తప్ప కంటకాలు లేనిది. మిగిలితే సున్నపువా సిలికావా అన్నది పలచటి ఆమ్లం చుక్కతో తేలుతుంది: బుడగలొచ్చి కరిగితే సున్నం, అంటే కాల్కేరియా విభాగం, చెక్కుచెదరకపోతే సిలికా. ఆమ్లం వేసేముందు బ్లీచ్ వాసన పూర్తిగా పోయేదాకా కడగాలి, రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. మంచినీటి స్పంజికలన్నీ సిలికావే, డీమోస్పాంజియే విభాగం.

హైడ్రా కోసం చెరువు మొక్కలను గాజు తొట్టిలో వేసి కొన్ని గంటలు కదపకుండా ఉంచితే వెలుగువైపు గోడకు అంటుకుని సాగుతాయి. తియ్యగానే వెతికితే అన్నీ ముడుచుకుని జిగురు ముద్దల్లా ఉంటాయి, చూసినా పట్టలేం. హైడ్రాకు రాగి విషం. రాగి గొట్టాల్లో నిలిచిన నీళ్లు పోస్తే స్పర్శకాలు మొద్దుబారి చచ్చిపోతాయి. నిడేరియా (జెల్లీచేపల) వర్గానికి చెందినదని రుజువు చేసేది దంశకోశం, అంటే కుట్టే దారం దాగిన గుళిక. ఒక స్పర్శకం మీద ఒక పాలు వెనిగర్‌కు నాలుగు పాళ్ల నీళ్లు కలిపిన చుక్క ఎక్కించి 40 రెట్లతో చూడండి. గుళికల్లోంచి దారాలు తిరగబడి బయటికి చిమ్మి ఉంటాయి. వేటను పొడిచే రకానికి దారం మొదట్లో ముళ్లుంటాయి, వేట కాళ్లను చుట్టే రకానిది సన్నని చుట్ట. పొడిచే రకం మొన బయటికి దూసుకురావడం సెకనులో పదిలక్షల వంతు కూడా పట్టదు, అందుకే చిమ్మే క్షణం కంటికి దొరకదు, చిమ్మిన తరవాతే చూస్తాం.

పురుగుల్లా ఉన్నవి

ఇక్కడ కదలిక నిజంగా పనికొస్తుంది, ఎందుకంటే కండరాల అమరిక దాని వెనక ఉంది. శరీరం అలలాడకుండా మెత్తగా జారుతూ పోతే చదును పురుగు; పొట్టకింద శైలికలు, జిగురు దాన్ని నడుపుతాయి. పొడవు మారకుండా, అటూ ఇటూ కొరడాలా కొట్టుకుంటే నిమటోడ్ (గుండ్రపు పురుగు). దానికి నిలువు కండరాలే ఉన్నాయి, అడ్డ కండరాలు లేవు, లోపల ఒత్తిడి ఎక్కువ, పైన సాగని అవభాసిని (పైతొడుగు). అందుకని వంగగలదు తప్ప కురచ కాలేదు. సాగి, కుంచించుకుని, మళ్లీ సాగితే అనెలిడ్ (వానపాము లాంటిది). పక్కలనుంచి శూకాల (గట్టి వెంట్రుకల) కుచ్చులు పొడుచుకొస్తున్నాయేమో చూడండి. తలమీద గట్టి డిప్ప ఉండి శరీరం ఎనిమిది అంకెలా మెలితిరుగుతుంటే అది కీటకం లార్వా. జలగలా కొసలు ఆనించుకుంటూ నడిచే సూక్ష్మజీవి అయితే బ్డెల్లాయిడ్ రోటిఫర్.

పాత పుస్తకాలు వీటిని శరీరకుహరాన్ని (పేగుకూ శరీరపు గోడకూ మధ్య ఖాళీని) బట్టి మెట్లుగా పేర్చాయి: కుహరం లేనివి, మిథ్యాకుహరం ఉన్నవి, నిజమైన కుహరం ఉన్నవి. పరీక్షకు అది రాయాలి, నిర్మాణం వివరించడానికి ఇప్పటికీ పనికొస్తుంది. కానీ చుట్టరికం అలా లేదు. 1997లో 18ఎస్ అనే రైబోసోమ్ జన్యువు పోల్చినప్పుడు నిమటోడ్‌లు అవభాసిని విడిచే కీటకాలు, రొయ్యల పక్కన చేరాయి. ఆ గుంపుకు ఎక్‌డైసోజోవా అని పేరు. చదును పురుగులు, రోటిఫర్లు, అనెలిడ్‌లు, నత్తలు వేరే పెద్ద గుంపులో ఉన్నాయి. పేగులో బతికే ముళ్లతల పురుగులు రోటిఫర్ల లోపలి కొమ్మే అని తేలింది.

మిక్సోజోవా

నిర్మాణం చూడమని ఇంత నొక్కి చెప్పడానికి బలమైన కారణం మిక్సోజోవా. చేపల్లో బతికే ఈ పరాన్నజీవులు సిద్ధబీజాలు (వ్యాపించడానికి పనికొచ్చే విత్తుల్లాంటివి) ఏర్పరుస్తాయని చూసి దశాబ్దాల పాటు ప్రోటోజోవాలోనే ఉంచారు. 1980 పథకంలోనూ వాటికి సొంత వర్గం ఇచ్చారు. కానీ వాటి సిద్ధబీజం ఒక కణం కాదు, కొన్ని కణాలు కలిసి కట్టినది. లోపల గుళికల్లో దారం చుట్ట చుట్టుకుని ఉంటుంది, తాను బతకబోయే జీవిని తాకగానే బయటికి చిమ్ముతుంది. హైడ్రా స్పర్శకం మీద చూసిన దంశకోశం ఇదే కట్టు.

1984లో వుల్ఫ్, మార్కివ్ ట్రౌట్ చేపలను సుడి తిప్పే మిక్సోబోలస్ సెరిబ్రాలిస్ జీవితచక్రంలో సగం ట్యూబిఫెక్స్ అనే బురద పురుగులో గడుస్తుందని చూపించారు. ఆ పురుగులో కనబడే రూపాన్ని అప్పటిదాకా వేరే విభాగంగా వర్గీకరించి ఉన్నారు. ఒకే జీవికి రెండు విభాగాలు. తరవాత జన్యు ఆధారాలు వచ్చి మిక్సోజోవాను నిడేరియాలో స్థిరపరిచాయి: జెల్లీచేపల చుట్టం, పరాన్నజీవనంలో నోరు, పేగు, నాడులు అన్నీ పోగొట్టుకున్నది. అదే గుంపులోని హెన్నెగుయా సాల్మినికోలా సాల్మన్ చేపల కండరంలో ఉంటుంది, కణాలు పదికి మించవు, దానికి మైటోకాండ్రియల్ జన్యుపదార్థం కూడా లేదని 2020లో ప్రకటించారు. చేప కండరంలోనో మొప్పల మీదో తెల్లటి బుడిపెలు కనబడితే ఒకటి చితిపి, నీటి చుక్కలో కలిపి 40 రెట్లతో చూడండి. సుమారు 10 మైక్రాన్ల గింజలు, ఒక కొసన బేరిపండు ఆకారంలో రెండు గుళికలు పక్కపక్కనే ఉంటే మిక్సోబోలస్ తరహా. రెండో కొసన పొడవాటి రెండు తోకలు కూడా ఉంటే హెన్నెగుయా తరహా.